యుద్ధకాలపు ఫోటోల ప్రింట్లు కొనే ముందు: కాగితం సంగతి తర్వాత, ఫైలు సంగతి ముందు

మీరు అడిగింది ఇదీ: రెండో ప్రపంచయుద్ధం నాటి ఫోటోలు నాలుగైదు, 16×20 అంగుళాల సైజులో, గోడకు పెట్టుకోవడానికి కొనాలి. అమ్మేవాళ్లందరూ ‘మ్యూజియం క్వాలిటీ’, ‘ఒరిజినల్ నెగెటివ్ నుంచి’ అనే రాస్తున్నారు. ఒకే ఫోటోకు ఒక్కొక్కరు చెప్పే ధరకూ పొంతన లేదు. ఎవరిని నమ్మాలి, ఏం చూసి కొనాలి?

ధరను బట్టి గానీ, ఆ రెండు మాటలను బట్టి గానీ ఏమీ తేలదు. తేల్చేది ఒక్కటే ప్రశ్న: ఈ ప్రింటు ఏ ఫైలు నుంచి వేశారు, ఆ ఫైలు దేన్ని స్కాన్ చేస్తే వచ్చింది? దీనికి సూటిగా జవాబు చెప్పగలిగినవాడి దగ్గర మామూలు కాగితం మీద కొన్నా నష్టపోరు. చెప్పలేనివాడు ఎంత ఖరీదైన కాటన్ కాగితం మీద వేసి ఇచ్చినా అది మసకబొమ్మే.

ఎందుకంటే యుద్ధకాలపు ఫోటో మన దాకా వచ్చేసరికి చాలా చేతులు మారి ఉంటుంది. మొదట నెగెటివ్. దాని నుంచి ఆ రోజుల్లో వేసిన ప్రింటు. ఆ ప్రింటును మళ్లీ కెమెరాతో తీస్తే వచ్చిన కాపీ నెగెటివ్. ఆ కాపీ నుంచి పుస్తకంలో అచ్చైన చుక్కల బొమ్మ. ఆ పేజీని ఎవరో స్కాన్ చేసి ఇంటర్నెట్‌లో పెట్టిన జేపెగ్. ఒక్కో మెట్టు దిగేకొద్దీ నీడల్లోని వివరమూ, వెలుగుల్లోని వివరమూ రెండూ పోతాయి. సైనికుడి హెల్మెట్ అంచు కింద ముఖాన్ని గమనించండి. నెగెటివ్ నుంచి నేరుగా వచ్చిన ఫైలులో ఆ నీడలోనూ కనుబొమలు, గడ్డం మీద మాసిన వెంట్రుకలు కనిపిస్తాయి. మూడో తరం కాపీలో అక్కడ ఒక నల్లటి మచ్చ ఉంటుంది, అంతే. కొనే ముందు అమ్మేవాడి నమూనాలో అన్నిటికన్నా ముందు చూడాల్సింది అక్కడే.

‘ఒరిజినల్ నెగెటివ్ నుంచి’ అన్న మాటను కేటలాగు నంబరుతో సరిచూసుకోవచ్చు. అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ ఫోటోల విభాగంలో ఎల్‌సీ-డీఐజీ అని మొదలయ్యే నంబరు డిజిటల్ ఫైలుది. దాని పక్కనే ఆ ఫైలు ఒరిజినల్ నెగెటివ్ నుంచి వచ్చిందా, ప్రింటు నుంచి వచ్చిందా అని రాసి ఉంటుంది. ఎల్‌సీ-యూఎస్‌జెడ్62 అని మొదలైతే అది ప్రింటును తిరిగి ఫోటో తీసిన కాపీ నెగెటివ్. ఒకే ఫోటోకు రెండు నంబర్లూ ఉండొచ్చు. అలాంటప్పుడు మొదటిదాని నుంచే వేయించుకోండి. అమెరికా నేషనల్ ఆర్కైవ్స్‌లో 80-జీ అంటే నేవీ ఫోటోలు, 111-ఎస్‌సీ అంటే సైన్యపు సమాచార విభాగం సిగ్నల్ కోర్, 26-జీ అంటే కోస్ట్ గార్డ్. లండన్‌లోని ఇంపీరియల్ వార్ మ్యూజియంలో క్యూ శ్రేణి ఎక్కువగా మొదటి ప్రపంచయుద్ధానిది, ‘ఈ’ (E) అక్షరపు శ్రేణి ఉత్తర ఆఫ్రికా రంగానిది, సీహెచ్ శ్రేణి వైమానిక దళానిది. నిజంగా ఆర్కైవ్ నుంచి తెచ్చుకున్నవాడికి ఈ నంబరు నోటికి వచ్చి ఉంటుంది. అడిగితే తడుముకుంటున్నాడంటే ఫైలు ఇంకెక్కడి నుంచో తెచ్చుకున్నాడని అర్థం.

తర్వాత పిక్సెళ్ల లెక్క. 16×20 ప్రింటు చేతిలో పట్టుకుని చూసినా బాగుండాలంటే అంగుళానికి 300 పిక్సెళ్లు, అంటే 4800×6000 కావాలి. గోడ మీద రెండడుగుల దూరం నుంచి చూసేదానికి 240 చాలు, అంటే 3840×4800. 180 కన్నా దిగితే అక్షరాల అంచులు, తుపాకీ గొట్టాల అంచులు మెత్తబడటం మామూలు కంటికే తెలిసిపోతుంది. 4×5 అంగుళాల నెగెటివ్‌ను 1200 పీపీఐ (అంగుళానికి పిక్సెళ్లు) దగ్గర స్కాన్ చేస్తే సరిగ్గా 4800×6000 వస్తుంది కాబట్టి ఆర్కైవ్ ఇచ్చే పెద్ద టిఫ్ (వివరం పోకుండా దాచే రకం) ఫైలు ఉంటే 16×20 కి ఇబ్బందే లేదు.

మోసం ఎక్కువగా జరిగేది చిన్న ఫైళ్లతోనే. జర్మనీ ప్రభుత్వ ఆర్కైవ్ బుండెస్ఆర్కైవ్ 2008లో దాదాపు 80,000 ఫోటోలను వికీమీడియా కామన్స్‌కు ఇచ్చింది. వాటి పొడవైన వైపు సుమారు 800 పిక్సెళ్లే. 300 పీపీఐ దగ్గర అది మూడు అంగుళాలు కూడా రాదు. అయినా ఆ ఫైళ్లనే సాగదీసి పెద్ద పోస్టర్లుగా అమ్ముతుంటారు. పెద్ద ప్రింటు కావాలంటే బుండెస్ఆర్కైవ్ నుంచే పెద్ద ఫైలు తీసుకోవాలి. ఇంకో సంగతి, ఆ ఫోటోల కింద ఉన్న పాత జర్మన్ వ్యాఖ్యలు చాలావరకు నాటి ప్రచార విభాగం రాసినవి. అవి తప్పుగానో పక్షపాతంగానో ఉండొచ్చని ఆర్కైవే హెచ్చరిస్తుంది. వాటిని అలాగే ఫ్రేము కింద అతికించవద్దు.

ఈమధ్య ఈ చిన్న ఫైళ్లను ఏఐతో పెంచి ‘4కే రీస్టోర్డ్’ అని అమ్మడం బాగా ఎక్కువైంది. దీని పట్ల మాత్రం గట్టిగా ఉండండి. పెంచే సాఫ్ట్‌వేర్‌కు లేని వివరం తెలియదు, కల్పిస్తుంది. కాలర్ మీది చిహ్నాలు అర్థంలేని గీతలవుతాయి. వెనక వరుసలోని ముఖాలన్నీ నున్నగా, ఒకరికొకరు పోలికలతో తయారవుతాయి. బూటు లేసులు ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి, విమానం రెక్క మీది మేకుల వరుస మధ్యలో మాయమవుతుంది. అలంకారానికైతే మీ ఇష్టం, కానీ చరిత్ర సాక్ష్యంగా గోడకు పెట్టుకునే ఫోటోలో ఒక మనిషి ముఖాన్ని యంత్రం ఊహించి గీయడం నాకు సమ్మతం కాదు. చనిపోయిన ఆ మనిషి ముఖం అది కాదు మరి. మసకగా ఉన్నా అసలు ముఖమే నయం. అవసరమైతే సైజు తగ్గించి 8×10 వేయించుకోండి. దానికి 2400×3000 చాలు.

మసక అంతా లోపమనీ అనుకోకూడదు. ఫోటోగ్రాఫర్ రాబర్ట్ కాపా 1944 జూన్ 6న ఫ్రాన్స్‌లోని నార్మండీలో, ఒమాహా తీరంలో తీసినవి 35 ఎంఎం ఫిల్మ్ మీదివి. కదలిక, గ్రెయిన్ (ఫిల్మ్‌లోని సన్నటి రేణువులు) రెండూ వాటి ఒంట్లోనే ఉన్నాయి. ఆ ఫోటో అద్దంలా స్పష్టంగా కనిపిస్తోందంటే ఎవరో దాన్ని మార్చారనే. అదే రోజు అదే తీరంలో కోస్ట్ గార్డ్‌కు చెందిన రాబర్ట్ ఎఫ్. సార్జెంట్ పడవ తలుపు దగ్గర నుంచి, నీళ్లలోకి దిగుతున్న సైనికుల వీపులు కనిపించేలా తీసిన ఫోటో చాలా స్పష్టంగా ఉంటుంది. అది అమెరికా ప్రభుత్వ ఉద్యోగి విధుల్లో తీసింది కాబట్టి పబ్లిక్ డొమైన్, అంటే ఎవరైనా వాడుకోవచ్చు. నార్మండీ ఫోటో ఒకటి పెద్దగా పెట్టుకోవాలనుకుంటే నేను మొదట చెప్పేది ఇదే.

ఇక్కడే హక్కుల సంగతి కూడా. అమెరికా సైన్యం, నేవీ, కోస్ట్ గార్డ్ ఫోటోగ్రాఫర్లు ఉద్యోగంలో భాగంగా తీసినవి స్వేచ్ఛగా వాడుకోవచ్చు. బ్రిటిష్ ప్రభుత్వ ఫోటోగ్రాఫర్లు 1957 జూన్ 1 కి ముందు తీసినవాటి మీద క్రౌన్ కాపీరైట్ 50 ఏళ్లు, అంటే యుద్ధకాలపు ఫోటోలకు అది తీరిపోయింది. మ్యూజియం ఫైలు ఇచ్చినందుకు తీసుకునే రుసుము వేరే లెక్క. పత్రికలవి, ఏజెన్సీలవి అలా కాదు. మంచి ఉదాహరణ టైమ్స్ స్క్వేర్ ముద్దు, అంటే యుద్ధం ముగిసిందన్న వార్తకు న్యూయార్క్‌లో ఒక నావికుడు ఒక యువతిని ముద్దుపెట్టుకున్న ఫోటో. 1945 ఆగస్టు 14న ఆ జంటను ఇద్దరు తీశారు. లైఫ్ పత్రికకు ఆల్ఫ్రెడ్ ఐజెన్‌స్టాట్ తీసినదానికి హక్కులు ఉన్నాయి. నేవీకి విక్టర్ జోర్గెన్సన్ కొద్దిగా వేరే కోణంలో తీసింది పబ్లిక్ డొమైన్. జోర్గెన్సన్ ఫోటోలో ఇద్దరి మోకాళ్ల కింది భాగం, పాదాలు కనిపించవు, వెనక చౌరస్తా కూడా తక్కువే. ప్రకటనలో ఒకటి చూపించి రెండోది పంపేవాళ్లున్నారు, కాబట్టి పాదాలు చూసి ఆర్డరివ్వండి. ఫోటో ప్రభుత్వ ఆర్కైవ్‌లో ఉన్నంత మాత్రాన ప్రభుత్వం తీసిందని కూడా కాదు. జపాన్ దీవి ఐవో జిమాలో 1945 ఫిబ్రవరి 23న జెండా ఎత్తిన ఫోటో కాపీ నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉంది, కానీ తీసిన జో రోసెంతాల్ అసోసియేటెడ్ ప్రెస్ మనిషి.

ఆ ఫోటో కొంటే కింద అచ్చేసిన పేర్లు తప్పక చూడండి. జెండా ఎత్తిన ఆరుగురిలో ఇద్దరి పేర్లను అమెరికా మెరైన్ కోర్ ఈమధ్యే సరిదిద్దింది. 2016లో జాన్ బ్రాడ్లీ స్థానంలో హెరాల్డ్ షుల్జ్, 2019లో రెనే గాన్యన్ స్థానంలో హెరాల్డ్ కెల్లర్. పాత ఫైలు నుంచి వేసే అమ్మకందార్లు ఇప్పటికీ పాత పేర్లే అచ్చేస్తున్నారు. నాగసాకి మీద లేచిన నిలువు పొగమేఘం ఫోటోను ‘హిరోషిమా’ అని అమ్మడం మరీ మామూలు. తేదీ 1945 ఆగస్టు 6 అని ఉందా, 9 అని ఉందా ఆర్కైవ్ రికార్డుతో పోల్చుకోండి. వ్యాఖ్య లేకుండా ప్రింటు తీసుకుని, రికార్డు చూసి మీరే విడిగా వేయించుకోవడం అన్నిటికన్నా మేలు.

ఇక ఏ రూపం కావాలి అన్నది. ఒకే ఫోటోకు ఒకటికన్నా ఎక్కువ ‘అసలు’లు ఉండటం యుద్ధఫోటోల్లో సర్వసాధారణం. 1945 మే 2న బెర్లిన్‌లోని జర్మన్ పార్లమెంటు భవనం రైక్‌స్టాగ్ మీద సోవియట్ జెండా ఫోటో తీసిన యెవ్గేనీ ఖల్దేయ్, కింద నిలబడిన అధికారి రెండు చేతులకూ ఉన్న గడియారాల్లో ఒకదాన్ని చెరిపేసి, పొగను దట్టం చేసి విడుదల చేశాడు. గడియారం ఉన్నదీ లేనిదీ రెండూ ప్రింట్లుగా దొరుకుతాయి. క్రిమియా యుద్ధంలో 1855లో రోజర్ ఫెంటన్ తీసిన ఫిరంగి గుండ్ల లోయ కూడా రెండు రకాలు: దారి మీద గుండ్లు ఉన్నది, దారి ఖాళీగా ఉన్నది. మొదటి ప్రపంచయుద్ధంలో ఫ్రాంక్ హర్లీ చాలా నెగెటివ్‌లను కలిపి ఒక్కటిగా చేసిన దృశ్యాలు ఆస్ట్రేలియన్ వార్ మెమోరియల్‌లో ఉన్నాయి. విడి నెగెటివ్‌ల ప్రింట్లు వేరు, కలిపి చేసినవి వేరు. అమెరికా అంతర్యుద్ధంలో, 1863 జులైలో గెటిస్‌బర్గ్‌లో తీసిన షార్ప్‌షూటర్ శవం ఫోటో వేరేచోట పడి ఉన్న దేహాన్ని అక్కడికి మోసుకొచ్చి తీసింది. ఇవేవీ కొనకూడనివి కావు. కానీ ఏ రూపం కొంటున్నారో తెలిసి కొనండి, అది కింద రాసి పెట్టుకోండి.

రంగు గురించి క్లుప్తంగా. నలుపు-తెలుపు ఫోటోకు తర్వాత రంగులద్దితే అమ్మేవాడు ఆ సంగతి చెప్పి తీరాలి. అలాగని రంగు కనిపించగానే అద్దిందే అనుకోవద్దు. అమెరికా యుద్ధ సమాచార కార్యాలయం కోసం ఆల్ఫ్రెడ్ పామర్ వంటివారు విమాన కర్మాగారాల్లో కోడాక్రోమ్ అనే రంగు ఫిల్మ్ మీద తీసిన నిజమైన రంగు ఫోటోలు లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో ఉన్నాయి. ఆ రంగు సేకరణ మొత్తం సుమారు 1,600 ఫోటోలు. పెద్ద ఫిల్మ్ మీద తీసినవి 16×20 కన్నా పెద్దవి వేసినా తట్టుకుంటాయి. సెపియా మాత్రం వద్దు. 1940ల పత్రికా ప్రింట్లు తటస్థమైన నలుపు, నిగనిగలాడే కాగితం. గోధుమరంగు పూత పాతదనం నటించడానికి పూసిందే. 1860ల ఆల్బుమెన్ (గుడ్డు తెల్లసొన పూత కాగితం మీది) ప్రింట్ల గోధుమ-ఊదా రంగు వేరే, అది ఆ పద్ధతికి సహజం.

కాగితం దగ్గరకొద్దాం. ‘జిక్లే’ అంటే ఇంక్‌జెట్ ప్రింటే, ఇంకేమీ కాదు. అడగాల్సింది రెండు: ఇంకు పిగ్మెంటా (సన్నటి రంగు పొడితో చేసింది), డైనా (ద్రవంలో కరిగిన రంగు)? నలుపు-తెలుపుకు రెండు మూడు రకాల నలుపు, బూడిద ఇంకులతో వేస్తున్నారా, లేక రంగులన్నీ కలిపి బూడిద పుట్టిస్తున్నారా? రెండోదైతే పగటి వెలుగులో తటస్థంగా ఉన్న ప్రింటు దీపం కింద ఆకుపచ్చకో గులాబీకో తిరుగుతుంది. మామూలు రంగు ఫోటో కాగితం మీద వేసే ల్యాబుల్లోనూ ఇదే జబ్బు. అసలైన వెండి ప్రింటు కావాలంటే డిజిటల్ ఫైలును లేజర్‌తో నలుపు-తెలుపు వెండి కాగితం మీద పడేసి రసాయనాల్లో కడిగే ల్యాబులున్నాయి. ఫైబర్ (ప్లాస్టిక్ పూత లేని) కాగితం అడగండి. ఖర్చెక్కువే, కానీ రాత్రి దృశ్యాలకు, పొగకు దానికి సాటి లేదు.

పిగ్మెంట్ ఇంకుకైతే రెండు కాగితాలే చెబుతాను. రెండో ప్రపంచయుద్ధం పత్రికా ఫోటోలకు బరైటా (బేరియం సల్ఫేట్ పూత ఉన్న కాగితం), ఎందుకంటే దాని మీద నలుపు లోతుగా పడుతుంది, పాత నిగనిగ ప్రింటుకు దగ్గరగా ఉంటుంది. ఫెంటన్ వంటి 19వ శతాబ్దపు ఉప్పు కాగితపు ప్రింట్లకు మ్యాట్ కాటన్, 300 జీఎస్‌ఎం చుట్టుపక్కల (చదరపు మీటరుకు అన్ని గ్రాముల బరువు). దీనికి ఒక చిక్కుంది: కాటన్ కాగితం మీద పైకి లేచిన నూలు పొట్టు మీద ఇంకు పడి, తర్వాత ఆ పొట్టు రాలిపోతే నల్లటి భాగంలో తెల్ల చుక్కలు మిగులుతాయి. వేసే ముందు కాగితాన్ని మెత్తటి బ్రష్‌తో తుడవమని చెప్పండి. కాన్వాస్ మీద మాత్రం వేయించకండి, దాని నేత ముఖాలను తినేస్తుంది.

కొలతల్లో ఒక పొరపాటు అందరికీ ఎదురవుతుంది. 4×5 నెగెటివ్ 8×10 కి, 16×20 కి సరిగ్గా కూర్చుంటుంది. 35 ఎంఎం ఫ్రేము 2:3 కాబట్టి దానికి 16×24 కావాలి. దాన్ని 16×20 లో ఇరికిస్తే ఆరో వంతు ఫోటో కత్తెరకు పోతుంది. ‘పూర్తి ఫ్రేము, కత్తిరించవద్దు, చుట్టూ అంగుళం తెల్ల అంచు’ అని రాతపూర్వకంగా చెప్పండి. ఆ అంచు ఫ్రేము కట్టేటప్పుడూ పనికొస్తుంది.

అమ్మేవాడికి పంపే సందేశం ఇలా ఉంటే చాలు: “ఈ ఫోటో ఆర్కైవ్ నంబరు ఎంత? ఫైలు నెగెటివ్ నుంచి స్కాన్ చేసిందా, ప్రింటు నుంచా? పిక్సెళ్లు ఎన్ని, ఏఐతో పెంచారా? కాగితం పేరు, ఇంకు రకం ఏమిటి? అసలు సైజులో ఒక ముఖం ఉన్న చోట చిన్న ముక్క పంపగలరా?” దీనికి జవాబుగా ‘సర్టిఫికెట్ ఇస్తాం’, ‘లిమిటెడ్ ఎడిషన్’ అని వస్తే వదిలేయండి. పబ్లిక్ డొమైన్ ఫోటోకు పరిమిత సంఖ్య అన్నదానికి అర్థమే లేదు, రేపు ఇంకొకరు అదే ఫైలు నుంచి మరో వెయ్యి వేయవచ్చు.

నా సలహా అయితే మధ్యవర్తినే వదిలేసి, ఆర్కైవ్ నుంచి టిఫ్ దించుకుని మంచి ల్యాబుకు మీరే ఇవ్వండి. ఫైలు 16 బిట్ గ్రేస్కేల్‌లో ఉంచి, దుమ్ము చుక్కలు మాత్రం తీయండి. నెగెటివ్ అంచున చేత్తో రాసిన నంబరు ఉంటే చెరపకండి. షార్పెనింగ్ (అంచులకు పదును పెట్టడం) దాదాపు వద్దు. ఎక్కువైతే ఆకాశం ముందున్న హెల్మెట్ల చుట్టూ తెల్లటి గీత వస్తుంది. ఇంట్లో చేసిన ఫైళ్లు చాలావరకు నల్లబడి వస్తాయి, కారణం మానిటర్ వెలుతురు ఎక్కువగా ఉండటం. దాన్ని చదరపు మీటరుకు 80-120 క్యాండెలాల (వెలుతురు కొలత) మధ్యకు దించి చూడండి. అయినా పూర్తి ప్రింటుకు ముందు, అన్నిటికన్నా నల్లటి చోటూ తెల్లటి చోటూ కలిసొచ్చేలా 4 అంగుళాల వెడల్పు పట్టీ ఒకటి వేయించండి. ముదురు కోటు మీద బెల్టు విడిగా కనిపించాలి, మేఘంలో కాగితం తెలుపు కాకుండా లేత బూడిద ఉండాలి. రెండూ ఉంటే ముందుకు వెళ్లండి.

ప్రింటు వచ్చాక పది రెట్ల భూతద్దంతో చూడండి. వరుసగా పేర్చిన చుక్కలు కనిపిస్తే అది ఆఫ్‌సెట్ పోస్టర్, చెప్పింది ఏదైనా సరే. చిందరవందరగా చల్లిన సన్నటి చుక్కలు ఇంక్‌జెట్‌వి. చుక్కలే లేకుండా గ్రెయిన్ మాత్రమే కనిపిస్తే వెండి ప్రింటు గానీ, రంగు ఫోటో కాగితం మీద వేసింది గానీ. ఫోటో అద్దంలోలా తిరగబడిందేమో కూడా చూడండి: రైఫిల్ బోల్ట్ పిడి కుడివైపు ఉండాలి, కోటు గుండీలు మగవారి పద్ధతిలో ఉండాలి, అక్షరాలు చదవగలగాలి. అమెరికా అంతర్యుద్ధం నాటి, పల్చటి ఇనుపరేకు మీద నేరుగా తీసిన టిన్‌టైప్‌లు మాత్రం పుట్టుకతోనే తిరగబడి ఉంటాయి, అది తప్పు కాదు.

‘నాటి అసలు ప్రింటు’ అని ఎవరైనా అమ్మితే యూవీ టార్చి ఉపయోగపడుతుంది. ఫోటో కాగితాల్లో తెలుపు పెంచే రసాయనాలు 1950ల నుంచే వాడుకలోకి వచ్చాయి. చీకట్లో నీలంగా మెరిసే కాగితం 1944 నాటిది కాదు. మెరవకపోతే మాత్రం పాతదని రుజువైనట్టు కాదు. ప్లాస్టిక్ పూత ఉన్న ఆర్‌సీ కాగితం 1960ల చివరి నుంచి వచ్చింది కాబట్టి దాని మీద ఉన్నది యుద్ధకాలపు ప్రింటు అయ్యే అవకాశమే లేదు. వెనక సెన్సార్ ముద్ర, అతికించిన టైపు కాగితం ఉన్నా అవీ నకలు కావచ్చు.

రవాణాలో 16×20 ని రెండు గట్టి అట్టల మధ్య చదునుగా తెప్పించుకోండి. గొట్టంలో తప్పదంటే వ్యాసం నాలుగు అంగుళాలకు తగ్గకూడదు, లేకపోతే మందపు కాటన్ కాగితం విరుగు గీతలు పడుతుంది. బరైటా ప్రింటును ఒక రోజు గాలికి ఆరనిచ్చాకే అద్దం వెనక పెట్టండి. ఇంకులోని ద్రావకం పూర్తిగా పోకముందే మూసేస్తే అద్దం లోపలివైపు పొగమంచులా పొర కడుతుంది. ఆమ్లం లేని మౌంట్ బోర్డు, యూవీ అడ్డుకునే అద్దం, ప్రింటుకూ అద్దానికీ మధ్య ఖాళీ, ఈ మూడూ కావాలి. బోర్డుకు పూర్తిగా జిగురుతో అతికించనివ్వకండి. పై అంచున రెండు చోట్ల జపనీస్ టిష్యూ పట్టీలు, గోధుమ స్టార్చ్ పేస్టుతో వేలాడదీస్తే చాలు, ఎప్పుడైనా విప్పుకోవచ్చు. మామూలు టేపు ఏళ్లు గడిచేకొద్దీ పసుపు మరకై ముందువైపుకు కూడా ఇంకుతుంది.

ఫ్రేము మూసే ముందు ప్రింటు వెనక, బొమ్మ ఉన్న చోట కాకుండా తెల్ల అంచు వెనక, మెత్తటి పెన్సిలుతో రాయండి: ఆర్కైవ్ నంబరు, తీసినవారు, తేదీ, స్థలం, ఏ రూపం నుంచి తీసుకున్నది, ప్రింటు వేసిన ఏడాది, కాగితం, ఇంకు, చివరగా ‘పునర్ముద్రణ’ అన్న మాట. ఆ ఒక్క మాట ఉంటే పదిహేనేళ్ల తర్వాత అది చేతులు మారినా ఎవరూ దాన్ని నాటి ప్రింటుగా అమ్మలేరు. వెనక పెన్సిలు అంటని ఆర్‌సీ కాగితమైతే ఆ వివరాలే ఆమ్లం లేని కాగితం ముక్క మీద రాసి, ఫ్రేము వెనక బోర్డు లోపలివైపు అతికించండి.